రెండు పనికిరాని లైన్లు

"మీ తమ్ముడే," అన్నాడు తాళం, మానిటర్ని ఆమె వైపు తిప్పుతూ. "ఇంక జల్లెడ పట్టడానికేమీ మిగల్లేదు."

ఈ ఆఫీసులో ఆమెని అందరూ జల్లెడ అనే పిలుస్తారు. ఎనిమిదేళ్ళు ఇక్కడ పనిచేసినప్పుడు పడ్డ పేరది. ఉద్యోగం మానేసి, పాడైన యంత్రాలకి పోస్టుమార్టం చేసే సొంత పని పెట్టుకున్నాక కూడా వదల్లేదు. తాళానిదీ అదే గతి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే రోజు చేరిన ప్రోగ్రామర్లు. ఒకరి తప్పులొకరు పట్టుకోవడంలోనే సగం జీతం సంపాదించారు. అతను తర్వాత సెక్యూరిటీ ఆఫీసరయ్యాడు. ఏ తలుపైనా, ఎవరి నోరైనా మూయించగలడని ఆ పేరు పెట్టారు. మొహం మీద అలా పిలిచే ధైర్యం మాత్రం ఒక్క జల్లెడకే ఉంది.

ఈ కంపెనీ తయారు చేసేది ఆసుపత్రి పంపులు. రోగి నరంలోకి మందు చుక్క చుక్కగా ఎక్కించే చిన్న పెట్టె. బ్యాటరీ ఆదా కోసం మధ్యమధ్యలో కాసేపు నిద్రపోతుంది, టైమవగానే లేచి మోటారు తిప్పుతుంది. కిందటి వారం ఒక ఆసుపత్రిలో పంపు లేచింది. 'మందు వెళుతోంది' అని తెర మీద పచ్చగా చూపించింది. మోటారు తిరగలేదు. అలారం మోగలేదు. నర్సు తెర చూసి నమ్మింది. ఆ మంచం మీదున్న లెక్కల టీచరు ఇప్పటికీ కళ్ళు తెరవలేదు.

"కిందటి నెల వెర్షన్లో ఈ జబ్బు లేదు," అన్నాడు తాళం. "ఆ వెర్షన్‌కీ ఈ వెర్షన్‌కీ మధ్య కెర్నల్లో కొన్ని వందల మార్పులు జరిగాయి. సగానికి సగం కోసుకుంటూ వచ్చాను. ఈ సగంలో జబ్బుందా, ఆ సగంలో ఉందా, మళ్ళీ అందులో సగం. ఆఖరికి మిగిలింది ఒకే ఒక్క ప్యాచ్. దానికి ముందు మందు పడుతోంది, దాని తర్వాత ఆగిపోతోంది. రాసిందెవరో చూసుకో."

చూసుకోనక్కర్లేదు. ప్యాచ్ అంటే ఒకరు ఒకేసారి పంపే మార్పుల కట్ట. కెర్నల్ అంటే పంపు లోపల అన్నిటినీ నడిపించే పెద్ద ప్రోగ్రాం. అందులో మోటారుతో మాట్లాడే దుబాసీ పేరు డ్రైవర్. తమ్ముడు చెయ్యి పెట్టింది సరిగ్గా ఆ దుబాసీ నోట్లోనే.

"నాలుగింటికి మీటింగు. పోలీసు ఇన్‌స్పెక్టరు కూడా వస్తున్నాడు. రిపోర్టు కింద నీ సంతకం పెడితే మీ వాణ్ణి అప్పగించేస్తాం."

"నాలుగింటికి కదా. అప్పటిదాకా నా సంతకం ఎక్కడికీ పారిపోదులే," అంది జల్లెడ. "ముందు వాడితో మాట్లాడాలి."

"అక్కగానా?"

"నీ నోరు ఇంకా అలాగే ఉందన్నమాట," అని ఆమె బయటికి నడిచింది.

ఒళ్ళు మండుతోంది. పొద్దున మాస్టారు ఫోన్లో చెప్పనే చెప్పారు. "ఆ తాళంగాడు నిన్నే పిలవాలని పట్టుబట్టాడు తల్లీ. తమ్ముడి తప్పు అక్క నోటితోనే చెప్పించాలట. వద్దురా, పాపం అని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు." మాస్టారు అంటే మోటారు డ్రైవర్ మొత్తానికి పెద్దదిక్కు. ఆయన చూసి ఓకే అననిదే అందులో ఒక్క అక్షరం మారదు. అక్కకీ తమ్ముడికీ ఈ విద్య చేయి పట్టి నేర్పింది ఆయనే. ఆయన గొంతులో ఆ బాధ విన్నాకే జల్లెడ బయల్దేరింది.

తమ్ముణ్ణి పాత ప్రింటర్లు పడేసే గదిలో కూర్చోబెట్టారు. తలుపు దగ్గర ఒక గార్డు. ఫోను లాక్కున్నారు, గుర్తింపు కార్డు లాక్కున్నారు. ఎవరో తెచ్చిన టీ మీద మీగడ కట్టి ఉంది.

"అక్కగా వచ్చావా, జల్లెడగా వచ్చావా?" అన్నాడు వాడు.

"జల్లెడగానే. అక్కగా వస్తే లోపలికి రానివ్వరు."

వాడు నవ్వబోయి ఊరుకున్నాడు. "నాలుగు రోజులైంది అక్కా. నాతో కూర్చుని టీ తాగినవాళ్ళు నన్ను చూసి లిఫ్టు వదిలేసి మెట్లెక్కుతున్నారు. తప్పు చేశావా అని అడిగితే జవాబు చెప్పుకుంటాను. అడగరేం?"

ఆమె వాడి తల నిమరలేదు. నిమిరితే ఇద్దరూ ఏడుస్తారు.

"ఆ ప్యాచ్‌లో ఏం చేశావు?"

"సర్దాను, అంతే. వంకర టింకర పేర్లు మార్చాను. చెల్లాచెదురుగా పడున్న ముక్కలు ఒకచోటికి చేర్చాను. పనికిరాని లైన్లు కొన్ని తీసేశాను. మొత్తం కలిపి ఓ నలభై చిన్న మార్పులు. మోటారుకిచ్చే ఆజ్ఞ ఒక్కటి కూడా ముట్టుకోలేదు."

"టెస్టు?"

"నా బల్ల మీదున్న పంపుతో రెండు రోజులు నిద్రపుచ్చుతూ లేపుతూ కూర్చున్నాను. ఒక్కసారి తప్పలేదు."

"నీ బల్ల మీది పంపులో మెసేజీలు ఆన్‌లో ఉంటాయా?"

"అందరిలాగే. అన్నీ ఆన్‌లోనే. లేకపోతే లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?"

"రివ్యూ చేసిందెవరు?"

"ఇంకెవరు, మాస్టారే. 'బావుందిరా అబ్బాయ్' అని కూడా రాశారు." వాడు ముందుకి వంగాడు. "ఆయన్ని ఇందులోకి లాగకు అక్కా. నా గురించి దిగులుతో అన్నం కూడా మానేశారట."

"నీ తప్పయితే నీ తప్పనే చెబుతాను. తెలుసుగా?"

"తెలుసు. నీ దగ్గర ఇంకేదో ఆశిస్తే నేను నీ తమ్ముణ్ణే కాదు," అన్నాడు వాడు.

ల్యాబులో బల్ల మీద అదే మోడల్ పంపు పెట్టుకుంది. ఆసుపత్రి నుంచి తెచ్చిన అసలు పంపు సీలు వేసిన సంచిలో పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. గొట్టం కొసని ఒక గాజు గ్లాసులోకి వదిలింది. తెర మీద ఒక కాయితం అడ్డం పెట్టి అంటించేసింది. తెర అబద్ధం చెబుతుందని టీచరు విషయంలో రుజువైంది కాబట్టి, ఇంక నమ్మాల్సింది చుక్కల్నే.

తమ్ముడి ప్యాచ్‌ని మూడు ముక్కలుగా విడదీసింది. కిందటి నెల మంచి వెర్షన్‌కి మొదటి ముక్క కలిపింది: పేర్ల మార్పులు. పంపుని నిద్రపుచ్చింది, లేపింది. గ్లాసులో చుక్క పడింది. మళ్ళీ, మళ్ళీ. ప్రతిసారీ పడింది. రెండో ముక్క, సర్దుబాట్లు. అదీ పడింది. ఇక మిగిలింది వాడు తీసేసిన పనికిరాని లైన్లు. అవి రెండే. రెండూ ప్రింట్ లైన్లు.

ప్రింట్ అంటే, ప్రోగ్రాం తన దారిలో ఆగి 'నేను ఇక్కడిదాకా వచ్చాను' అని ఒక ముక్క రాసి పెట్టడం. ప్రోగ్రామర్లు తప్పు వెతికేటప్పుడు పెడతారు, దొరికాక తీసేస్తారు. మోటారుకీ వాటికీ ఏ చుట్టరికమూ లేదు.

ఆ రెండూ తీసేసి పంపుని లేపింది. చుక్క పడింది. ఇంకోసారి లేపింది. పడింది. ఇంకోసారి లేపింది. గొట్టం కొస పొడిగా ఉండిపోయింది. కాయితం పక్కకి జరిపి చూస్తే తెర పచ్చగా నవ్వుతోంది: మందు వెళుతోంది.

ఆమె ఆ రెండు లైన్లనీ మళ్ళీ చదివింది. చుట్టరికం లేని రెండు లైన్లు తీస్తే మోటారెందుకు అలగాలి?

మోటారు చిప్ తయారు చేసినవాళ్ళ పుస్తకం తెరిచింది. నిద్ర లేచిన చిప్‌కి కాసేపు తెప్పరిల్లే టైమివ్వాలని, అప్పటిదాకా ఏ ఆజ్ఞ ఇచ్చినా వినదని మొదటి పేజీల్లోనే రాసి ఉంది. డ్రైవర్లో చూసింది. లేపగానే, ఒక్క క్షణం ఆగకుండా, ఆజ్ఞ. ఆగమనే లైను ఉండాల్సిన చోట లేదు. ఆమె ప్రింట్లున్న చోట ఏమీ రాయకుండా, ఉత్తినే కాసేపు ఆగమని ఒక లైను పెట్టింది. అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు లేపినా చుక్క తప్పలేదు.

అంటే కూలబోతున్న అటకకి ఎవరో కర్రముక్క దన్ను పెట్టి వెళ్ళారు. తమ్ముడు దాన్ని చెత్త అనుకుని ఊడ్చేశాడు. ప్రింట్ రాయడానికి పట్టే ఆ రవ్వంత టైములోనే చిప్ తెప్పరిల్లుతోంది. వాడి బల్ల మీద అన్ని మెసేజీలూ ఆన్‌లో ఉండి, అవి రాసుకుంటూ పంపు నత్తనడక నడిచింది కాబట్టి వాడికి జబ్బు కనబడే అవకాశమే లేదు. ఆసుపత్రి పంపులో మెసేజీల గోల ఉండదు. ఆ రెండు మొండి లైన్లు మాత్రం అడిగినా అడక్కపోయినా మాట్లాడేవి.

మరి ఆ ఆగమనే లైనుని, వెయిట్‌ని, తీసిందెవరు? పాత చరిత్ర కోసం వెతికితే చేతికి సున్నా. కోడంతా కొత్త సర్వర్లోకి మార్చినప్పుడు, అంతకు ముందరి మార్పులన్నీ ఒకే ముద్దగా తెచ్చి పడేశారు. ఎవరు ఏం తీశారో ఆ ముద్దలో కలిసిపోయింది.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"నేరం జరిగిన ప్యాచ్‌ని ముక్కలు చెయ్యమని ఎవరు చెప్పారు నీకు?" తాళం మొహం ఎర్రబడింది. "సాక్ష్యం మీద చెయ్యేస్తే నిన్ను కూడా వాడి పక్కన కూర్చోబెడతాను!"

"నువ్వు కాపీ పెట్టుకున్నావు కదా. అది అలాగే ఉంది. భయపడకు."

"నాకెందుకు భయం? తమ్ముడి కోసం ఎంతకైనా తెగిస్తావని నాకు ముందే తెలుసు."

"తెలిసే పిలిపించావు కదా! అక్క చేతే తమ్ముడి గొంతు కోయిస్తే చూసి ఆనందిద్దామని! నాతో పాత కక్ష తీర్చుకోవాలంటే నన్నే అను, వాడేం చేశాడు?"

తాళం నోరెళ్ళబెట్టాడు. తర్వాత కోపంతో నవ్వాడు.

"నేనా పిలిపించింది? కాయితం మీద రాసి మరీ వద్దన్నాను! తమ్ముడి కేసులో అక్క దూరితే రేపు కోర్టులో పరువు పోతుందని డైరెక్టరు ముందు అరిచాను. జల్లెడ తప్ప ఇంకెవరూ వద్దని భీష్మించుకున్నది మీ మాస్టారే. వెళ్ళి ఆయన్నే అడుగు."

జల్లెడ చేతిలోని చిప్ పుస్తకం మూసింది. తాళం ఎన్ని మాటలైనా అంటాడు గాని, అడిగితే క్షణంలో తేలిపోయే అబద్ధం ఆడడు. ఆడితే ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడో పట్టుకునేది. అయితే పొద్దున ఫోన్లో విన్న ఆ బాధ ఏమిటి?

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాస్టారు నేర్పిన పాఠం ఒకటి గుర్తొచ్చింది. 'ప్రింట్ పెట్టగానే రోగం మాయమైతే, అది టైమింగ్ రోగం. నయమైందని మురిసిపోయి ప్రింట్ని అక్కడే వదిలేసి పోయేరు, జాగ్రత్త.' ఆ రోజు క్లాసులో అందరూ నవ్వారు. అలాంటి పని ఎవరు చేస్తారని.

ఆమె తాళంతో ఇంకో మాట మాట్లాడకుండా పైఅంతస్తుకి వెళ్ళింది.

"రా తల్లీ," అన్నారు మాస్టారు. తనే లేచి కుర్చీ జరిపారు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఆమె ముందు పెట్టారు. "మొహం అలా వాడిపోయిందేమిటి? తేలిందా?"

ఆమె ఒకే ఒక్క వాక్యం సిద్ధం చేసుకుని వచ్చింది.

"తేలింది మాస్టారూ. తమ్ముడి ప్యాచే."

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెద్దగా నిట్టూర్చారు. భుజాలు కిందికి దిగాయి. చూసేవాళ్ళెవరైనా దాన్ని దుఃఖమే అనుకుంటారు.

"వాణ్ణేం అనకమ్మా. చిన్నతనం. ఆ రెండు ప్రింట్లూ తీసేస్తే మోటారుకి తెప్పరిల్లే టైముండదని వాడికి మాత్రం ఏం తెలుసు!"

జల్లెడ టీ కప్పుని పక్కకి జరిపింది.

"ప్రింట్ల మాట నేననలేదు మాస్టారూ."

"తాళం రిపోర్టులో..."

"రిపోర్టులో ప్యాచ్ పేరే ఉంది. అందులో నలభై మార్పులున్నాయి. వాటిలో పాపం దేనిదో నాకే ఇందాక తెలిసింది. మీకెప్పుడు తెలిసింది?"

ఆయన తన కుర్చీలో కూర్చున్నారు. గొంతు మామూలుగానే ఉంది. పాఠం చెప్పే గొంతు.

"అప్పట్లో, పాత సర్వరు రోజుల్లో, పంపు లైసెన్సు టెస్టులో తప్పుతోంది. నిద్ర లేవడానికి ఎక్కువసేపు పడుతోందన్నారు. వెయిట్ తీసేశాను. పది పంపుల్లో తొమ్మిది చక్కగా లేచాయి. పదోది ఎందుకు లేవట్లేదో చూద్దామని రెండు ప్రింట్లు పెట్టాను. పెట్టగానే అదీ లేచింది. టెస్టూ గట్టెక్కింది."

"వదిలేశారు."

"తర్వాత సరిచేద్దామనుకున్నాను. తర్వాత మర్చిపోయాను."

"వాడి ప్యాచ్ వచ్చినప్పుడు?"

"చదవలేదు. వాడు పంపాడంటే బావుంటుందిలే అని ఓకే నొక్కేశాను. అంత నమ్మకం వాడంటే."

"ఆసుపత్రి నుంచి ఫోనొచ్చినప్పుడు?"

ఆయన టేబుల్ మీది కలాన్ని తిన్నగా పెట్టుకున్నారు.

జల్లెడకి ఏడుపు రాలేదు. ఏడుపు కంటే అన్యాయమైనదేదో గుండెలో అడ్డం పడింది. తప్పు చేసినందుకు కాదు, ఈ పనిలో తప్పులు చెయ్యనివాళ్ళు లేరు. నాలుగు రోజులుగా వాడు ఆ గదిలో కుళ్ళిపోతుంటే, పైన కూర్చుని టీ తాగుతూ వాడి మీద జాలి పడ్డాడే ఈ మనిషి! నాన్న పోయినప్పుడు కూడా ఆమెకి ఇంత ఒంటరిగా అనిపించలేదు. అప్పుడు పక్కన మాస్టారున్నారు.

"నన్నెందుకు పిలిపించారు?"

"నీ అంత నిజాయితీ ఉన్న మనిషి ఇంకొకరు లేరు కనక," అన్నారాయన, మెచ్చుకుంటున్నట్టే. "వాడి ప్యాచ్ దాకా వచ్చాక, ఇంకా తవ్వితే తమ్ముడి మీద పక్షపాతం అంటారేమోనని నీ అంతట నువ్వే ఆగిపోతావనుకున్నాను. సొంత అక్కే తేల్చాక ఇంకెవరూ నోరెత్తరు."

"ఆగలేదు కదా?"

"ఆగకపోతే మాత్రం? తమ్ముణ్ణి కాపాడుకోడానికి మాస్టారి మీదకి తోసిందంటారు. పాత చరిత్ర లేదు. నా మాట విన్నవాళ్ళు ఈ గదిలో నువ్వు తప్ప లేరు. నీ నిజం చెల్లని చోటే నిన్ను నిలబెట్టాను తల్లీ. నన్ను క్షమించు." ఆయన కప్పు ఆమె వైపు జరిపారు. "టీ తాగు, చల్లారిపోతోంది."

ఆమె తాగలేదు.

మెట్లు దిగుతున్నంతసేపూ ఆ చివరి మాటే తిరగేసింది. ఆయన చెప్పింది నిజం. తన నోటితో ఏం చెప్పినా అది అక్క మాటే అవుతుంది. అయితే ఈ నిజం తన నోటితో రాకూడదు. తన తమ్ముడంటే ఎవరికి ఒంటి కాలి మీద లేచేంత కోపమో, ఆ తాళం నోటితోనే రావాలి.

తాళం ల్యాబులోనే ఉన్నాడు.

"నా మాట ఒక్కటి కూడా నమ్మకు," అంది. "నీ కాపీ తీసుకో. కిందటి నెల వెర్షన్లోంచి, మా వాడు తీసిన ఆ రెండు ప్రింట్ లైన్లు మాత్రమే తీసి చూడు, వాటి చోట ఉత్త వెయిట్ పెట్టి చూడు, చిప్ పుస్తకం చదువు. నేను అద్దం బయట నిలబడతాను. చెయ్యి కూడా పెట్టను."

"ఇందులో ఏదో మెలిక ఉంది."

"ఉంటే పట్టుకో. నా తప్పు పట్టుకోవడమంటే నీకు పండగే కదా."

అది మాత్రం అతను కాదనలేకపోయాడు. జల్లెడ అద్దం అవతల నిలబడి చూసింది. మొదట విసురుగా టైపు చేశాడు. తర్వాత నెమ్మదించాడు. తర్వాత కుర్చీ జరుపుకుని గ్లాసు ముందు కూర్చుండిపోయాడు. పుస్తకం తెరిచి, అదే పేజీ రెండుసార్లు చదివాడు. బయటికొచ్చేసరికి మొహంలో కోపం లేదు, నెత్తురూ లేదు.

"వెయిట్ తీసిందెవరు?" అన్నాడు.

"మోటారు డ్రైవర్ మొదటినుంచీ ఎవరి చేతిలో ఉంది?"

తాళం పైఅంతస్తు వైపు చూశాడు. అతనికీ పాఠాలు చెప్పింది ఆయనే.

"మీటింగులో నేనే చెబుతాను," అన్నాడు చివరికి. "నువ్వు నోరు తెరవకు. మీ వాడి మీద నేను వేసిన నింద నేనే తీస్తాను. పద, ముందు వాణ్ణి బయటికి తీసుకొద్దాం."

నాలుగింటికి ఇంకా టైముంది. ఇద్దరూ దాదాపు పరుగున ప్రింటర్ల గదికి వచ్చారు. తలుపు దగ్గర గార్డు లేడు. తమ్ముడు కుర్చీలో తేలిగ్గా వెనక్కి వాలి ఉన్నాడు. వాడి మొహంలో ఇందాకటి ఆందోళన లేదు. టేబుల్ మీద మూత తీసిన పెన్ను ఒకటుంది.

"ఏం సంతకం పెట్టావురా?" ఆమె ఆ పెన్ను చేతిలోకి తీసుకుంది.

"ఒప్పుకుంటున్నానని. తెలిసీ నిర్లక్ష్యం చేశానని."

"ఆ కాయితం ఏది?" అని అరిచాడు తాళం.

"మాస్టారు తీసుకెళ్ళారు. ఇన్‌స్పెక్టరుగారు ముందే వచ్చి కింద కూర్చున్నారట. ఇచ్చేసుంటారు."

తాళం మెట్ల వైపు పరిగెత్తాడు. జల్లెడ తమ్ముడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎందుకు పెట్టావురా? నువ్వు చెయ్యలేదని నీకు తెలుసు కదా!"

"మొదట పెట్టనన్నాను అక్కా. మాస్టారన్నారు, 'మీ అక్క ఇప్పుడే నా గదిలో కూర్చుని, నీ ప్యాచే అని తన నోటితో తేల్చి చెప్పింది' అని. నమ్మలేదు. నీ మీద ఒట్టు పెట్టమన్నాను. పెట్టారు." వాడు ఆమె కళ్ళలోకి చూశాడు. "అన్నావా అక్కా?"

అబద్ధమాడటం ఆమెకి ఎవరూ నేర్పలేదు.

"అన్నాను," అంది.

వాడు తల ఊపాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"మరింకేం. నువ్వు తేల్చావంటే అందులో తప్పుండదు కదా అక్కా. అందుకే పెట్టేశాను."